డిపోకి వచ్చిన కొత్త గువ్వ

మంగళవారం పొద్దున్న పది గంటలకి డ్రైవరు బస్సు డిపోలో ఒక పిట్టని చూశాడు. చూసి ఊరుకుంటే ఏ గొడవా లేదు. ఊరుకోవడమే అతనివల్ల కాదు. ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా కూతురికి ఫోన్ చేశాడు. కూతురు నవ్వి, ఆ సంగతి వాళ్ళ మామగారికి చెప్పింది. మామగారు నవ్వలేదు. గొడవ అక్కడ మొదలైంది.

డ్రైవరు రిటైరై రెండేళ్ళయింది. అయినా పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, డిపో గేటు పక్కన బెంచీ మీద ఓ గంట కూర్చుని రాకపోతే అతనికి తిన్నది ఒంటబట్టదు. ఆ బెంచీ మీద కూర్చుంటే ఎదురుగా వరసగా బస్సులు, ఆ చివర బస్సులు కడిగే రేకుల షెడ్డు, షెడ్డు వెనక పాత గోడ, అన్నీ కనబడతాయి. ఆ గోడ దగ్గరే పిట్ట కనబడింది.

అతనిలో ఒక్కటే లోపం. చెప్పేటప్పుడు చేతులు వాడతాడు. చేతులు ఎంత చాస్తే కథ అంత సాగుతుంది. ఓసారి వానలో దారి తెగిపోతే, నలభైమందితో నిండిన బస్సుని కొండదారిలో మైలు దూరం వెనక్కి నడిపాడు. అది అక్షరాలా నిజం. కానీ కూతురి పెళ్ళిలో చెప్పేసరికి మైలు కాస్తా మూడు మైళ్ళయింది, వాన తుఫాను అయింది, ఎక్కడినుంచో ఒక నిండు గర్భిణి కూడా బస్సెక్కింది. వియ్యాలవారు మర్యాదగా తలలూపుతూ విన్నారు. తిరిగి వెళ్ళేటప్పుడు కారులో అతనికి కోతలరాయుడని పేరు పెట్టుకున్నారు. ఆ పేరు అప్పట్నుంచి ఆ ఇంట్లోనే కాపురం ఉంటోంది. అక్కడ ఎవరు ఏది కాస్త పెంచి చెప్పినా, "అచ్చం మీ నాన్నగారిలా" అని కోడలివైపు చూసి నవ్వుతారు. కూతురు కూడా నవ్వుతుంది. నవ్వక ఏం చేస్తుంది?

వియ్యంకుడుగారు సైన్సు మాస్టారు. ఆయన కూడా రిటైరయ్యారు. ఆయన తీరు పూర్తిగా వేరు. మెడలో బైనాక్యులర్, జేబులో నోటుబుక్కు, ఆదివారమైతే పిట్టల్ని చూసేవాళ్ళ జట్టుతో చెరువుల వెంట, చిట్టడవుల వెంట తిరుగుడు. ఆయన నోటుబుక్కులోకి ఎక్కాలంటే పిట్ట చాలా కష్టపడాలి. రెక్క చూడాలి, తోక చూడాలి, కాలి రంగు చూడాలి, అదీ ఆయన కళ్ళతో ఆయనే చూడాలి. పక్కవాడు చూశానంటే, "సంతోషం" అని ఊరుకుంటారు తప్ప రాసుకోరు.

గురువారం మాస్టారే ఫోన్ చేశారు.

"బావగారూ, ఏదో పావురాన్ని చూశారట?"

"పావురం కాదండీ బావగారూ. పావురాలు డిపోలో బోలెడు. మామూలు గువ్వలూ బోలెడు. ఇది వేరే రకం గువ్వ. వీపంతా తుప్పు రంగు. మెడ పక్కన నల్లచారలు."

అటువైపు ఏదో పుస్తకం పేజీలు తిరగేసిన చప్పుడు.

"ఎన్నిసార్లు చూశారు?"

"మంగళవారం, బుధవారం, ఇవాళ. పదింటికి రావడం, ఓ పావుగంట తిరగడం, పోవడం. డ్యూటీకి వచ్చినట్టు వస్తోందండీ!"

"మీరు చెప్పింది నిజమైతే, అది ఈ చుట్టుపక్కల ఎప్పుడూ కనబడని గువ్వ అయ్యుండొచ్చు. ఎక్కడో చాలా దూరాన్నుంచి దారి తప్పి వచ్చుండాలి. ఆదివారం మా జట్టులో ఇద్దర్ని తీసుకుని వస్తాం." ఆగి, ఒక్కో మాటా తూచినట్టు అన్నారు. "నిజమైతేనే లెండి."

ఆ రాత్రి భోజనాలవేళకి కూతురు ఫోన్ చేసింది. గొంతు బాగా తగ్గించి మాట్లాడింది.

"నాన్నా, నిజంగా చూశావా? నా మీద ఒట్టేసి చెప్పు."

"చూశానే తల్లీ."

"ఇక్కడ మా మరిది అప్పుడే మొదలెట్టాడు. ఆదివారం నాటికి ఆ గువ్వకి కొమ్ములు మొలుస్తాయట. అది బస్సు కూడా నడుపుతుందట. అందరూ పడీపడీ నవ్వారు. మామయ్యగారు వాళ్ళ జట్టు ముందు నీ మాట మీద వస్తున్నారు నాన్నా. అది గనక కనబడకపోతే ఇక ఈ ఇంట్లో నేను నోరెత్తలేను."

డ్రైవరు ఫోన్ పెట్టేసి పళ్ళెం పక్కకి తోశాడు.

"ఆ పిట్ట నిజంగా ఉందా ఏమండీ?" అంది భార్య పళ్ళెం తీస్తూ.

"నువ్వు కూడానా!" అన్నాడతను.

శనివారం డిపోకి వెళ్ళి పెద్దక్కని వెతికాడు. పెద్దక్క అంటే బస్సులు ఊడ్చి కడిగే ఆడవాళ్ళకి మేస్త్రి. వయసులో డ్రైవరుకంటే ఆరేళ్ళు చిన్నదే, అయినా డిపోలో మేనేజరుతో సహా అందరికీ పెద్దక్కే, అందరూ ఆమెకి తమ్ముళ్ళే.

"పెద్దక్కా, రేపు మా వియ్యంకుడుగారు వస్తున్నారు. చదువుకున్న మనిషి. వెంట ఒక డాక్టరమ్మ కూడానట. ఆ గోడ దగ్గర చెత్తా చెదారం చూస్తే నా పరువేం కాను? నువ్వే కాస్త..."

"ఓస్, ఇంతేనా తమ్ముడూ? అద్దంలా చేసి పెడతా. ముఖం చూసుకుని తల దువ్వుకోవచ్చు."

ఆదివారం ఎనిమిదిన్నరకి మాస్టారు వచ్చారు. వెనక పళ్ళ డాక్టరమ్మ, ఫోటో స్టూడియో ఆయన. స్టూడియో ఆయన కెమెరా ఆయన మోచెయ్యంత పొడవుంది. డిపో చూస్తే డ్రైవరుకే ఆశ్చర్యం వేసింది. నేలంతా పైపుతో కడిగి ఉంది. చెత్త డబ్బాలు ఎక్కడా లేవు. గోడ కింద ఫినాయిలు వాసన గుప్పుమంటోంది. అతని గుండె ఉప్పొంగింది.

"శుభ్రంగా ఉంచుతారే!" అంది డాక్టరమ్మ.

"మా డిపో ఎప్పుడూ ఇంతేనండీ," అన్నాడు డ్రైవరు. పెద్దక్క అటు తిరిగి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

బెంచీ మీద నలుగురూ వరసగా కూర్చున్నారు. తొమ్మిదయింది. తొమ్మిదిన్నరయింది. పదయింది. గువ్వ రాలేదు. గువ్వ సరే, రోజూ గుంపులుగా దిగే పావురాలు రాలేదు. పిచ్చుకలు రాలేదు. చివరికి ఒక్క కాకి వచ్చి, షెడ్డు మీద వాలి, కిందకి చూసి, ఏమీ బాగోలేదన్నట్టు వెళ్ళిపోయింది.

"ఇవాళ ఆదివారం కదండీ బావగారూ," అన్నారు మాస్టారు. "సెలవేమో."

స్టూడియో ఆయన కిసుక్కుమన్నాడు. డ్రైవరు కూడా నవ్వబోయాడు గానీ మూతి సహకరించలేదు.

పదిన్నరకి డాక్టరమ్మ వాచీ చూసుకుంది. మాస్టారు నోటుబుక్కు తీసి, ఏదో రాయబోయి, రాయకుండానే మూశారు. డ్రైవరు అది చూశాడు. పోనీ నాలుగు తిట్టినా బాగుండును. ఇంటికెళ్ళి మాస్టారు ఏమీ అనరు. అనక్కర్లేదు. భోజనాల దగ్గర "కనబడలేదు" అని ఒక్కమాట చాలు. మిగతాది ఆ మరిది చూసుకుంటాడు. కూతురు పళ్ళెంలోకి చూస్తూ నవ్వుతుంది.

అప్పుడు పెద్దక్క బకెట్టుతో అటుగా వచ్చింది.

"ఏం తమ్ముడూ, ఎలా ఉంది మన పని? రోజూ ఈ పాటికి పిట్టలు, రెట్టలు. ఒకటే కంపు. ఇవాళ చూడు, ఒక్కటంటే ఒక్కటి లేదు! బస్సుల్లో ఊడ్చిన పల్లీలూ, బిస్కట్టు ముక్కలూ రోజూ ఆ గోడ కింద పోస్తాంగా, వాటికోసం చేరి చస్తాయి. ఇవాళ అంతా సంచుల్లో కట్టించి తెల్లారేసరికే పంపించేశా. నువ్వు చెప్పావు కదా అని!"

డ్రైవరు చేత్తో నుదురు కొట్టుకున్నాడు.

"నువ్వు చెప్పావు కదా అంటోంది," అన్నారు మాస్టారు నెమ్మదిగా. "ఏం చెప్పారు బావగారూ?"

"మీరొస్తున్నారని... కాస్త శుభ్రం చేయించమన్నాను."

"పిట్టల్ని చూడ్డానికి వచ్చేవాళ్ళ కోసం పిట్టల కంచం కడిగించారా?"

డాక్టరమ్మ ఫక్కున నవ్వేసింది. స్టూడియో ఆయన కెమెరా చాటున భుజాలు ఊగేలా నవ్వాడు. మాస్టారు మాత్రం నవ్వలేదు. నమ్మాలో, ఇది కూడా ఒక కోతేనో తేల్చుకోలేకపోతున్నట్టు వియ్యంకుడి ముఖం చూశారు. చేతికందిన సాకు ఎంత బాగా కుదిరిందో డ్రైవరుకే తెలుస్తోంది. ఇంత బాగా కుదిరిన సాకుని తనైనా నమ్మడు.

అంతలో గేటులోంచి పదకొండింటి దూరపు బస్సు లోపలికి వచ్చింది. రాత్రంతా నడిచిన బస్సు. జనం దిగిపోయారు. డ్రైవరు లేచాడు. ఆ బస్సు నడిపి వచ్చిన కుర్రాడి దగ్గరికి వెళ్ళి, "నాయనా, షెడ్డులోకి పోకు. దాని వెనక, గోడ పక్కన ఆపు. ఓ అరగంట నాకు వదిలెయ్," అన్నాడు. తర్వాత పెద్దక్క చేతిలోంచి చీపురు లాక్కున్నాడు.

"అయ్యో, నువ్వు ఊడవడమేంటి తమ్ముడూ? వియ్యాలవారి ముందు!"

"నేను చెడగొట్టాను. నేనే ఊడుస్తా."

బస్సెక్కి వెనక సీటు దాకా వెళ్ళి వంగాడో లేదో, మెట్ల మీద బూట్ల చప్పుడు. మాస్టారు.

"బావగారూ, ఇలా ఇవ్వండి."

"మీరా! చాల్లెండి. కూర్చోండి."

"మీరు ఊడుస్తుంటే నేను కూర్చుంటానా? రేపు మా కోడలు నన్నేమంటుంది?"

"మీరు ఊడిస్తే మా అమ్మాయి నన్నేమంటుంది?"

చీపురు అటు ఒకరు, ఇటు ఒకరు పట్టుకుని లాగారు. మర్యాద ముదిరింది. చీపురు తెగేలా ఉందని పెద్దక్క కిటికీలోంచి ఇంకో చీపురు లోపల పడేసింది. మాస్టారు దాన్ని అందుకుని తలుపు దగ్గర్నుంచి మొదలుపెట్టారు.

"అలా కాదు బావగారూ! వెనకనుంచి ముందుకి రావాలి. మీరు ముందునుంచి తోస్తే చెత్తంతా మళ్ళీ నా మీదకే వస్తుంది."

"సైన్సు ప్రకారం ఎటునుంచి తోసినా..."

"సైన్సు బయట పెట్టండి. ఇది బస్సు."

సీట్ల కింద పల్లీలు, మొక్కజొన్న గింజలు, బిస్కట్టు పొడి, ఒక పిల్లవాడి మేజోడు. మేజోడు తీసి పక్కన పెట్టారు. మిగతాదంతా చేటకెత్తి గోడ కింద, బస్సు వెనక టైరు పక్కన పోశారు. మాస్టారి తెల్లచొక్కా గోధుమరంగుకి తిరిగింది. డాక్టరమ్మనీ స్టూడియో ఆయననీ పాత టైర్ల దొంతర చాటున కూర్చోబెట్టారు. వియ్యంకులిద్దరూ కూడా అటే పోదామని మెట్లు దిగబోతే పిచ్చుకలు వాలాయి. ఇక దిగితే అవి ఎగురుతాయి. ఇద్దరూ బస్సులోనే ఉండిపోయారు. డ్రైవరు అలవాటు కొద్దీ డ్రైవరు సీట్లో కూర్చుని స్టీరింగు మీద చేతులు వేశాడు. మాస్టారు పక్కన, గేరు రాడ్డు దగ్గర నిలబడ్డారు. ఆయన బైనాక్యులర్ బెంచీ మీదే ఉండిపోయింది.

పావురాలు వచ్చాయి. మామూలు గువ్వలు వచ్చాయి. ఐదు నిమిషాలు. పది నిమిషాలు.

"కదలకండి బావగారూ," అన్నాడు డ్రైవరు పెదవులు కదపకుండా.

"ఏం?"

"వచ్చింది."

"ఎక్కడ? ఎక్కడండీ?"

"వెనక టైరు పక్కన. పక్క అద్దంలో కనబడుతోంది."

మాస్టారు మెడ సాచి అద్దంలోకి చూశారు. ఆయనకి డీజిల్ ట్యాంకు మూత, కాస్త ఆకాశం కనబడ్డాయి. బస్సు పక్క అద్దాన్ని సీట్లో కూర్చున్నవాడి కంటికి సరిపోయేలా తిప్పి పెడతారు. పక్కన నిలబడ్డవాడికి అది ఇంకేదో చూపిస్తుంది.

"లేవండి. నేను కూర్చుంటా."

"నేను లేస్తే బస్సు ఊగుతుంది. ఊగితే ఎగిరిపోతుంది."

"మరెలాగ?"

"ఎలాగేముంది? నేను చెప్తా. మీరు రాసుకోండి."

మాస్టారు అతని వైపు చూశారు. కదలకుండా, చాలా నెమ్మదిగా, జేబులోంచి నోటుబుక్కు తీశారు.

"పరిమాణం?"

"మన గువ్వలకంటే పిడికెడు పెద్దది." డ్రైవరు ఆగాడు. చేతులు చాస్తే పిట్ట ఎగిరిపోతుంది. చేతులు కదలకపోతే కథ ఎటూ సాగడం లేదు. "కాదు కాదు. పిడికెడు లేదు. వేలెడు. వేలెడు పెద్దది, కాస్త బరువైన ఒళ్ళు."

"వీపు?"

"తుప్పు రంగు. ఒక్కో ఈక నడుమ నలుపు, అంచు తుప్పు. చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంది."

"మెడ చుట్టూ నల్లపట్టీ ఉంది కదూ?"

మాస్టారు ఎన్నో ఏళ్ళు పిల్లలకి పరీక్షలు పెట్టిన మనిషి. ఆ ప్రశ్నలో ఒక గొయ్యి తవ్వి పెట్టారు. పట్టీ మామూలు గువ్వకి ఉంటుంది.

"చుట్టూ లేదండీ. పక్కన మాత్రమే. చిన్న మచ్చలాగ, అందులో చారలు. నలుపూ, నీలం కలిసిన బూడిద రంగూ, ఒకటి విడిచి ఒకటి."

"కన్ను ఏ రంగు?"

డ్రైవరు అద్దంలోకి వంగాడు. ఎరుపనో, పసుపనో అనేస్తే సరిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా.

"చూడలేదండీ," అన్నాడు. "తల అటు తిప్పుకుంది. ఏ రంగో నాకు తెలీదు."

మాస్టారి పెన్ను ఆగింది. నోటుబుక్కులోంచి తలెత్తి ఆయన వియ్యంకుడిని అలాగే చూస్తూ ఉండిపోయారు. చెప్పమంటే నిండు గర్భిణిని బస్సెక్కించిన మనిషి. ఒక కంటి రంగు దగ్గర ఆగిపోయాడు.

"తోక?" అన్నారు.

"ముడుచుకునుంది. విప్పితే చెప్తా."

గేటు దగ్గర ఎవరో విజిలు ఊదారు. పిట్టలన్నీ ఒక్కసారి లేచాయి. కొత్త గువ్వ బస్సు పక్కగా పైకి లేస్తూ తోకని విసనకర్రలా విప్పి, గోడ దాటి వెళ్ళిపోయింది.

"బూడిద రంగు!" అని అరిచాడు డ్రైవరు, ఇక దాక్కోనక్కర్లేదు కాబట్టి. "తోక చివర అంచు బూడిద రంగు. తెలుపు కాదు. బూడిద!"

మాస్టారు రాశారు. ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు.

కిందకి దిగేసరికి స్టూడియో ఆయన గంతులేస్తున్నాడు. వీపు దొరికింది, మెడ దొరికింది, చారలు లెక్కపెట్టేంత బాగా వచ్చాయి. గేటు బయట టీ కొట్టు దగ్గర నలుగురూ కెమెరా వెనక ఉన్న చిన్న తెర మీద పడ్డారు. అప్పుడొచ్చింది చిక్కు. ఫోటోల్లో తోక అంచు ఎక్కడా లేదు. ముడిచినప్పుడు బస్సు టైరు అడ్డం, విప్పినప్పుడు బస్సే అడ్డం.

"అంచు తెల్లగా ఉంటే ఇది మనకి తెలిసిన రకమే, దూరం కూడా కాదు," అంది డాక్టరమ్మ. "బూడిదగా ఉంటేనే కొత్తది. ఫోటో లేదు కాబట్టి 'బహుశా' అని రాద్దాం."

"అవును, 'బహుశా' అనడమే క్షేమం," అన్నాడు స్టూడియో ఆయన.

డ్రైవరు టీ గ్లాసులోకి చూస్తూ ఊరుకున్నాడు. చెప్పాల్సింది అద్దం ముందు చెప్పేశాడు. ఇంకోసారి చెబితే బతిమాలినట్టుంటుంది.

"బహుశా ఎందుకు?" అన్నారు మాస్టారు. "బూడిద రంగు. బావగారు చూశారు."

"మీరు చూడలేదు కదా మాస్టారూ?"

"నేను చూడలేదమ్మా. ఆయన చూశారు."

"మీరెప్పుడూ..."

"కంటి రంగు అడిగితే చూడలేదన్నారు. కన్ను చూడలేదని చెప్పిన మనిషి తోక చూశానంటే చూసినట్టే. రాయండి. నా పేరు కాదు, ఆయన పేరు."

డాక్టరమ్మ రాసింది. డ్రైవరు రెండు గుక్కల్లో టీ తాగేశాడు. నాలుక కాలింది.

సాయంత్రం కూతురు ఫోన్ చేసింది. ఈసారి గొంతు తగ్గించలేదు. వెనక ఇల్లంతా గోలగా ఉంది.

"నాన్నా, మామయ్యగారు బూట్లు కూడా విప్పలేదు. హాలు మధ్యలో నిలబడి చెప్తూనే ఉన్నారు. అందరూ చుట్టూ చేరారు. మా మరిది అయితే నోరు తెరుచుకుని వింటున్నాడు."

"ఏమంటున్నారేంటి?"

"నీ చూపు గురించే! అద్దంలో చూసి ఈక ఈకా చెప్పావట. నువ్వు లేకపోతే ఇవాళ అసలు ఏమీ లేదట. కానీ నాన్నా..." కూతురు నవ్వు ఆపుకుంటోంది. "ఆ గువ్వ కోడంత ఉందట. నిజమా?"

డ్రైవరు చెవి దగ్గర ఫోన్ సర్దుకున్నాడు.

"అద్దంలో కాస్త పెద్దగా కనబడింది తల్లీ."

"ఇంకా ఉంది. బస్సు మొత్తం ఆయనొక్కరే ఊడ్చారట. నిన్ను వద్దువద్దని కూర్చోబెట్టేశారట. వెనకనుంచి ముందుకి ఊడవాలని ఆయనే అందరికీ నేర్పారట. మా అత్తయ్య అస్సలు నమ్మట్లేదు. ఇంట్లో ఇన్నేళ్ళలో చీపురు పుల్ల ముట్టుకోని మనిషి అంటోంది. నిన్నే అడుగుతానని ఫోన్ తనకిమ్మంటోంది. నిజంగా ఆయనే ఊడ్చారా నాన్నా?"

వెనకనుంచి మాస్టారి గొంతు వినబడింది, "అడగండి, ఆయన్నే అడగండి! ఆయన చెప్తే నమ్ముతారుగా!"

డ్రైవరు వంటింటి గుమ్మంలో నిలబడ్డ భార్య వైపు చూశాడు. ఖాళీగా ఉన్న చెయ్యి దానంతటదే గాల్లోకి లేచి, బారుగా చాచుకుంది.

"మీ అత్తయ్యగారికి ఇవ్వమ్మా ఫోను," అన్నాడు. "ఆయనే ఊడ్చారు. ఒక బస్సు కాదు, రెండు బస్సులు. నా కళ్ళతో నేను చూశాను."